మా తోడల్లుడి పళ్లు, నా క్లోమం

మా తోడల్లుడు రాంబాబు అన్నయ్యగారు నవ్వితే ముప్పై రెండు పళ్లూ ఒకేసారి బయటికొచ్చి నమస్కారం పెడతాయి. ఆ పళ్లను చూసి నేను కుళ్లుకోవడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. నేను రాస్తున్నది నా జబ్బు గురించే. అయినా ఆయన పళ్లతోనే మొదలుపెట్టాలి. నొప్పి వచ్చింది ఈ ఏడాదే గానీ, కుళ్లు మాత్రం పాతది.

నా పేరు సత్తిబాబు. కొత్తపేట దగ్గర పలివెల మాది. ఏడో తరగతిలో లెక్కల మేష్టారు "రేపట్నుంచి నువ్వు రాకపోయినా పర్లేదురా" అన్నారు. పెద్దల మాట నేను జవదాటను. అప్పట్నుంచి కొబ్బరికాయలు వలుస్తున్నాను. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి మూడు తిప్పులు తిప్పితే పైనున్న పీచు డొక్క ఊడి రావాలి. నాలుగో తిప్పు తిప్పేవాడు వలుపుకి పనికిరాడు.

మేము వలిచే చోటు పక్కనే కాలవ. తాళ్లు పేనడానికి డొక్కల్ని ఆ నీళ్లలో నెలల తరబడి నానబెడతారు. అలా నానిన డొక్కలోంచి లాగిన పీచు పోగు సన్నగా, మెత్తగా ఉంటుంది, తెగదు. అన్నం తిన్నాక ఒక పోగు లాగి పళ్ల సందుల్లో ఆడించడం నాకు ఇరవై ఏళ్ల పైబడిన అలవాటు. మా వలుపు మనుషులకి నేర్పాను. పెళ్లిళ్లలో చుట్టాలకి నేర్పాను. "డబ్బులెట్టి పుల్లలు కొనుక్కోవడం ఎందుకండీ, మన కోనసీమ సరుకుండగా!" అని ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. ఆ నీళ్ల కంపుకి గట్టు మీద పోయేవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను అందులోంచి తీసిందాన్నే నోట్లో పెట్టుకున్నాను.

కొన్నాళ్లకి చిగుళ్లలోంచి రక్తం వచ్చేది. ఉప్పు పెట్టేవాణ్ణి. అయినా ఆగకపోతే, లోపల ఇంకా ఏదో ఇరుక్కుందనుకుని మరింత గట్టిగా గీరేవాణ్ణి. నోరు వాసనేస్తోందని నాకే తెలిసిపోయి, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉంచుకునేవాణ్ణి. నా కొంప ముంచింది ఆ లవంగమే.

మామిడికాయల రోజులు

తిన్న గంటకి నొప్పి మొదలయ్యేది. పొట్ట పైభాగంలో ఎవరో గునపం పాతి, దాని మీద నన్నే కాయలా తిప్పుతున్నట్టు ఉండేది. మూడు తిప్పులతో ఆపేవాడు కాదు. నొప్పి వీపులోకి దిగేది. మోకాళ్లు పట్టుకుని ముందుకు వంగి కూర్చుంటే కాస్త ఊరట. ఆ భయానికి ఆవకాయ కలిపిన ముద్ద పళ్లెంలో ఉండగానే లేచిపోయేవాణ్ణి. రెండు నెలల్లో లుంగీ ముడి పక్కకి జరిగి జరిగి వీపు మీదకి వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ మంగ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏవండీ, ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్తారా?"

"అడుగు."

"ఎప్పట్నుంచి తాగుతున్నారు?"

"ఏటి, మజ్జిగా?"

"జోకులెయ్యకండి. తాగనోళ్లకి బుగ్గలో లవంగం ఎందుకండీ? మా బావగారిని చూడండి. తాగుతారు, తాగేనని చెప్తారు. ఆయనకి లవంగాలక్కర్లేదు."

బావగారంటే ఆ ముప్పై రెండు పళ్లాయనే. మంగ అక్కయ్య మొగుడు. కువైట్‌లో చాలాకాలం పనిచేసి వచ్చి, రాజోలు దగ్గర రొయ్యల చెరువులు వేశారు. సాయంత్రం అయిందంటే వేయించిన రొయ్యలు పక్కన పెట్టుకుని గ్లాసు ఎత్తుతారు. తాగి కూడా ఎవరినీ ఒక్క మాట అనరు. నేను చుక్క ముట్టకుండా నూట పాతిక మాటలంటాను. మా అత్తవారింట్లో ఎవరిని మెచ్చుకుంటారో మీరే ఊహించుకోండి.

నోటి వాసన అని మంగకి చెప్పేస్తే అక్కడితో సరిపోయేది. సిగ్గేసింది. పళ్లతో కొబ్బరికాయ వలిచి పెళ్లిపందిట్లో చప్పట్లు కొట్టించుకున్న మగాణ్ణి, నా నోరు కుళ్లిపోతోందని పెళ్లానికి ఎలా చెప్పను? చెప్పలేదు. మర్నాటి నుంచి మంగ అన్నం క్యారేజీ పట్టుకుని పని దగ్గరికి వచ్చి, డొక్కల గుట్టల్ని కాలితో కదిపి చూడటం మొదలెట్టింది.

"ఏటమ్మా వెతుకుతున్నారు, పామా?" అని మావాళ్లు అడిగారు.

"ఆయ్, పామేనండి. సీసాలో ఉండే పాము," అంది.

శ్రావణం

అమలాపురంలో స్కానింగ్ తీశారు. క్లోమం మీద నీటి తిత్తి ఉందన్నారు. క్లోమం అనేది ఒకటి నాలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఏడో తరగతి తర్వాత చెప్తారేమో.

డాక్టరుగారు కాగితం చూస్తూ, "తాగుడుందా?" అన్నారు.

"లేదండి."

"దాచితే మీకే నష్టం."

"లేదండీ బాబూ."

"ఉందండి," అని మంగ నా తరఫున ఒప్పేసుకుంది. ఆయన రాసేసుకున్నారు.

తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఆ తిత్తిలో ఉన్నదేమిటో తేలాలి. మామూలుదై ఉండొచ్చు. క్యాన్సరూ కావొచ్చు. రాజమండ్రి వెళ్లి గొట్టం వేయించి, లోపలి నీళ్లు తీయించి పరీక్ష చేయించాలి.

బస్సులో మంగ నా చెయ్యి వదల్లేదు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. రోడ్డు పక్కన ఒకాయన చెరుకు గడ నములుతున్నాడు. టీ కొట్టు దగ్గర నలుగురు పకోడీలు తింటూ నవ్వుతున్నారు. వీళ్లలో ఒక్కడికీ క్లోమం ఉన్నట్టే తెలియదు కదా అనుకున్నాను. అందరి మీదా ఒళ్లు మండింది. జబ్బంటే భయం ఒక్కటే అనుకునేవాణ్ణి. అందులో ముప్పాతిక వంతు ఏడుపని ఆ బస్సులో తెలిసింది.

ఇంటికి రాగానే మంగ దేవుడి పటం ముందు నిలబడింది. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు తిరుగుతానని మొక్కుకుంది.

"నా నొప్పి తగ్గాలనా?" అన్నాను.

"మీ తాగుడు మానాలని."

"మానాలంటే ముందు మొదలెట్టాలి కదే!"

నా జోకులకి మంగ నవ్వకపోవడం మామూలే. ఏడవడం మాత్రం అదే మొదటిసారి.

రాజమండ్రి

రాంబాబు అన్నయ్యగారు కారు వేసుకుని వచ్చేశారు. "పద తమ్ముడూ. బస్సుల్లో ఏం కుదుపులు పడతావు," అన్నారు. ఆ కారెక్కడం కంటే నడిచి వెళ్లడం నయమనిపించింది. రోజూ తాగే మనిషి. దున్నలా ఉన్నాడు. రావులపాలెం దాటేదాకా నేను ఒకటే లెక్క వేసుకున్నాను. ఈ జబ్బు పార్సెల్ ఆయన పేరు మీదే బయల్దేరి ఉంటుంది. తోడల్లుళ్లం కదా, చిరునామా దగ్గర తికమకపడి మా ఇంట్లో దించేసి పోయి ఉంటారు.

ఆసుపత్రి హాల్లో కుర్చీలు బస్టాండులో ఉన్నట్టే ఉన్నాయి. ఎవరి పేరు పిలుస్తారో అని అందరూ ఒకవైపే చూస్తూ ఉంటారు. నన్ను ఏమీ తినొద్దన్నారు. అన్నయ్యగారు ఎదురుగా కూర్చుని సంచీలోంచి జాంకాయ తీశారు. దోరది. కరకర కొరికారు. ఆ చప్పుడు నా చిగుళ్లలో వినిపించింది. నేను జాంకాయ కొరికి నాలుగేళ్లయింది.

నా చూపు ఆయన పసిగట్టారు. "అయ్యో, నువ్వు పస్తున్నావు కదరా. నా బుద్ధి మండా!" అని సగం కాయ తీసుకెళ్లి డబ్బాలో పడేశారు. నా కోసమే పారేశారు. నాకేమో, ఆయనకి దోర జాంకాయ పారేసేంత తాహతుందని కూడా ఏడుపే వచ్చింది.

మత్తిచ్చి గొట్టం వేశారు. మెలకువ వచ్చేసరికి తెర వెనక మంచం మీద ఉన్నాను. తెరకి అవతల బల్ల మీద మంగ, అన్నయ్యగారు మాట్లాడుకుంటున్నారు.

"నువ్వు పొరపాటు పడ్డావు మంగా. వాడు తాగడు."

"మీరు వెనకేసుకొస్తారు బావగారూ."

"ఇరవై ఏళ్ల నుంచి తాగుతున్నానమ్మా. తాగేవాణ్ణి చూస్తే నాకు తెలీదా? గ్లాసు పక్కనుంటే తాగేవాడి కళ్లు మాటిమాటికీ అటు పోతాయి. వాడి కళ్లు నా ప్లేట్లో రొయ్యల మీదే ఉంటాయి. పైగా నమలలేక చప్పరిస్తాడు. వాడి నోట్లోనే ఏదో ఉందమ్మా."

మంగ గాజుల చప్పుడైంది. ఆ తర్వాత "ఆయ్" అంది. నమ్మేసింది! నేను పిల్లల మీద, దీపం మీద, మా ఊరి ఉమా కొప్పులింగేశ్వరుడి మీద ఒట్టేసినా నమ్మని మనిషి, ఒక తాగుబోతు సాక్ష్యం చెప్తే నమ్మేసింది. నిర్దోషిగా విడుదలైన ఆనందం కూడా నాకు మిగల్లేదు. ఆ కేసు గెలిచింది కూడా ఆయనే.

రెండు కాగితాలు

రెండు రిపోర్టులు వస్తాయన్నారు. తిత్తిలో క్రిములున్నాయా అన్నది ముందు. క్యాన్సరు కణాలున్నాయా అన్నది తర్వాత.

మొదటిది వచ్చిన రోజు లేడీ డాక్టరుగారు కాగితం చూశారు, నన్ను చూశారు, మళ్లీ కాగితం చూశారు.

"నోరు తెరవండి."

కడుపు జబ్బుకి నోరెందుకనుకుంటూ తెరిచాను. ఆవిడ లైటు వేసి చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. లవంగం అప్పటికే ఉమ్మేశాను మరి.

"తిత్తిలో చీము పట్టిందండీ. అందులో ఉన్న క్రిములు మామూలుగా నోట్లో, చిగుళ్ల సందుల్లో ఉండేవి," అన్నారు.

"నోట్లోవి అంత కిందకి ఎలా వెళ్లేయండి? దారెవరు చూపించేరు?"

ఆవిడ నవ్వారు. "మింగే ఉమ్మితో వెళ్లొచ్చు, రక్తంలో కలిసి వెళ్లొచ్చు. చిగుళ్లు పాడైనవాళ్లలో క్లోమం జబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయని అంటున్నారు. కానీ నోటివల్లే ఈ తిత్తి వచ్చిందని నేను ఖాయంగా చెప్పలేను. ఎవరూ చెప్పలేరు ఇంకా. క్రిములైతే అక్కడున్నాయి. చీముకి మందులిస్తాను. ముందు నోరు బాగు చేయించుకోండి."

మంగ లేచి నిలబడింది. "అయితే డాక్టరుగారూ, ఇది తాగుడు వల్ల కాదాండీ?"

"ఆయన తాగరని మీ బావగారు ఆ రోజే మా నర్సులందరికీ చెప్పారమ్మా."

ఇంకేముంది. అక్కడా ఆయనే.

బయటికొచ్చాక మెట్ల మీద మంగ ఆగిపోయింది. "నోటి వాసనని నాకు చెప్పొచ్చు కదండీ," అంది. "నాకు తెలీదా ఏంటి? పక్కన పడుకునేది నేనేగా. కప్పిపుచ్చుతున్నారంటే, అంతకంటే పెద్దదేదో ఉందనుకున్నాను."  

పళ్ల డాక్టరు నాలుగుసార్లు కూర్చోబెట్టి చిగుళ్లు శుభ్రం చేశారు. ఐదు పళ్లు తీసేశారు. రెండోసారి చిగురు లోపల్నుంచి చిన్న పట్టకారుతో ఏదో లాగి, తెల్లటి దూది మీద పెట్టి చూపించారు. నల్లబడిన కొబ్బరి పీచు ముక్క.

"నోట్లో తాళ్లు పేనుతున్నారేంటండీ?" అన్నారు.

ఇరవై ఏళ్ల ఉపన్యాసాలు ఆ దూది మీద పడుకుని నన్ను చూస్తున్నాయి. ఇది చదివేవాళ్లలో నా దగ్గర ఆ విద్య నేర్చుకున్నవాళ్లుంటే దయచేసి మానేయండి. చిగురు రక్తం కక్కుతోందంటే గీరమని కాదు, చూపించుకోమని అర్థం. నేను చదవని చదువులో ఈ ఒక్క ముక్కా మీకు ఊరికే ఇస్తున్నాను.

రెండో కాగితం మాత్రం రావాల్సిన రోజుకి రాలేదు. మర్నాడూ రాలేదు. రోజూ అదే హాలు, అవే కుర్చీలు. మూడో రోజు అన్నయ్యగారు ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ గట్టిగా నవ్వారు. ఆ పళ్లన్నీ లైటు కింద మెరిశాయి. అప్పుడు నా మనసులో ఒక మాట వచ్చింది. ఆ తిత్తి ఆయనకే వచ్చుంటే బాగుండు. ఆయనకి కార్లున్నాయి, చెరువులున్నాయి, ఏం వచ్చినా తట్టుకుంటాడు.

ఈ మాట నేను మంగకి కూడా చెప్పలేదు. ఆయన ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చి, "చెరువుకాడ మోటారు పాడైందట. అయితే అయిందిలే, కాగితం వచ్చేదాకా నేను కదల్ను," అన్నారు. నేను తల దించుకుని చెప్పుల వంక చూసుకున్నాను.

సాయంత్రం పేరు పిలిచారు. క్యాన్సరు కణాలు కనిపించలేదన్నారు డాక్టరుగారు. తిత్తి చిన్నబడుతోంది గానీ పూర్తిగా పోలేదు. ఆరు నెలలకోసారి స్కానింగ్ తీయించుకుంటూ కనిపెట్టుకుని ఉండాలన్నారు. మంగ కుర్చీలో కూలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అన్నయ్యగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుపులో కూడా నన్ను మించిపోయాడనుకున్నాను. కానీ ఆ అనుకోవడంలో మునుపటి కారం లేదు.

కార్తీకం

మంగ ఏడు శనివారాలూ పూర్తి చేసింది. "నేను అడగనివన్నీ ఇచ్చేడు స్వామి," అంది. నేను పనికి వెళ్తున్నాను గానీ వలుపు ఇంకా వద్దన్నారు. నీడన కూర్చుని కాయలు ఏరుతున్నాను.

ఒక ఉదయం రాంబాబు అన్నయ్యగారు వచ్చారు. కార్తీకమాసం అంతా ఆయన మందు ముట్టరు. నుదుట విభూతి పెట్టుకుని, వచ్చి తడి డొక్కల గుట్ట పక్కన కూర్చున్నారు. నవ్వలేదు.

"ఏటండీ అన్నయ్యగారూ, రొయ్యలేమైనా పోయేయా?"

"లేదురా." పెదాలు తెరిచీ తెరవనట్టు మాట్లాడుతున్నారు. మాట్లాడుతూనే, చెయ్యి దానంతటది వెళ్లి డొక్కలోంచి ఒక పోగు లాగింది. నోటిదాకా వెళ్లిపోయింది. నేను లేచి లాక్కున్నాను.

"ఇదెక్కడ నేర్చుకున్నారండీ!"

"నువ్వు నేర్పిందేరా. నీ పెళ్లి భోజనాలకాడ. తిరిగి కువైట్ వెళ్లేటప్పుడు ఆవకాయ డబ్బా పక్కన ఓ పీచు కట్ట కూడా పట్టుకెళ్లేను." కాలవ వంక చూశారు. "ఆ రోజు పందిట్లో పళ్లతో కాయ వలిచేవు నువ్వు. అందరూ నీ చుట్టూ మూగిపోయేరు. పెద్దల్లుణ్ణి, కువైట్ నుంచి వచ్చినోణ్ణి, నా మొహం చూసినోడు లేడు. వారం రోజులు నిద్రపట్టలేదురా కుళ్లుతో."

నేను నోరు తెరిచి ఉండిపోయాను. అందులో ఐదు పళ్లు లేవు కూడా.

"మూడు నెలల్నుంచి ఉమ్మితే ఎర్రగా వస్తోంది తమ్ముడూ. నీ గొడవలో ఉండి ఎవరికీ చెప్పలేదు. మీ వదినకీ తెలీదు. నువ్వోసారి చూడు. నీకు తెలుసు కదా ఇప్పుడు."

ఆయన నోరు తెరిచారు. నేను సెల్‌ఫోన్ లైటు వేశాను. ముందు వరుసలో నా పన్నెండేళ్ల ఏడుపు తళతళలాడుతోంది. వేలితో బుగ్గ పక్కకి లాగి వెనక్కి చూశాను. చిగుళ్లు ఉబ్బి వంకాయ రంగులో ఉన్నాయి. వేలు ఆనగానే రక్తం ఊరింది. దవడ పన్ను ఒకటి కదిలింది. ఆ వాసన నాకు బాగా తెలిసిన వాసనే.

ఈ నోట్లో ఒక్క పుచ్చు కనిపించాలని ఎన్ని విందుల్లో వెతుక్కున్నానో నాకే తెలుసు. ఇప్పుడు కావాల్సినంత కనిపించింది. ఆసుపత్రి హాల్లో నేను మనసులో అనుకున్న మాట గుర్తొచ్చింది. అది ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. 

"ఏటి, ఉందా?" నోరు తెరిచే అడిగారు.

"ఉండకపోతే ఎలాగండీ. నాకున్నవన్నీ మీకూ ఉండాలి కదా."

నోరు మూసుకుని ఆయన నవ్వారు. పళ్లు కనిపించకుండా ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. భయపడ్డ మనిషి నవ్వు అది. నేను చెయ్యి పట్టుకుని లేవదీశాను.

"కారు తియ్యండి, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం. కడుపు స్కానింగ్ కూడా తీయించేద్దాం. పేరు పిలిచేదాకా పక్కనే ఉంటాను, కదల్ను."

"నీకు పని పోతుంది కదరా."

"పోతే పోయిందండి. దారిలో రావులపాలెం దగ్గర ఆపండి, జాంకాయలు కొనుక్కుంటాను. ఈసారి నేను తింటాను, మీరు ఎదురుగా కూర్చుని చూద్దురుగాని."

"ఐదు పళ్లు లేవు, ఎలా కొరుకుతావురా?"

"చప్పరిస్తానండి. మీరు కుళ్లుకోవడమే కదా కావాలి," అన్నాను.